మార్తమ్మ మడి మీద ప్లాస్టిక్ గడ్డి

కరోనా భయం తగ్గి, జనం మళ్లీ ఆటలకు గుమిగూడడం మొదలుపెట్టిన ఏడాది, మే నెల మూడో సోమవారం నాడు, టెక్కలి పక్కన కట్టబోయే, కృత్రిమ గడ్డి పరిచి గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక చిన్న బాక్స్ క్రికెట్ మైదానానికి నన్ను సైట్ ఇంజినీరుగా వేశారు. అంతకుముందు రెండేళ్లు విశాఖపట్నంలో అదే కంపెనీలో అసిస్టెంటును. అసిస్టెంటు అంటే టేపుకి రెండో కొస పట్టుకునేవాడు. సైట్ ఇంజినీరు అంటే మొదటి కొస పట్టుకుని, కొలత తప్పితే మాటలు పడేవాడు. మొదటి కొస నా చేతికి రావడం అదే తొలిసారి. మాది పలాస. అక్కడి నుంచి బండి మీద సైటుకి వెళ్తూ దారి పొడవునా ఈల వేశాను.

ఈ వృత్తిలో నేను మొత్తం ఆరేళ్లే ఉన్నాను. కృత్రిమ గడ్డి పరిచేవాళ్లు రోజంతా మోకాళ్ల మీదే ఉంటారు. ఇరవై తొమ్మిదో ఏట డాక్టరు నా ఎడమ మోకాలికి పదవీ విరమణ ఇచ్చాడు. మిగిలిన నేను కూడా దాని వెంటే ఆఫీసు బల్ల దగ్గరికి వచ్చేశాను. ఇప్పుడు ఎస్టిమేట్లు వేస్తున్నాను. కనుక వయసు చూసి నవ్వేవాళ్లు, ఇవి ఒక మోకాలి ఉద్యోగ జ్ఞాపకాలు అనుకుని చదవవచ్చు.

కృత్రిమ గడ్డి అంటే చాలామంది పచ్చ తివాచీ పరచడం అనుకుంటారు. తివాచీ పని మూడు రోజుల్లో అయిపోతుంది. అసలు పని దాని కింద ఉంటుంది. గడ్డి అట్టకు అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాన నీరు వాటిలోంచి కిందికి దిగాలి, కింద ఉన్న కంకర పొరల్లోంచి పక్కకు జారాలి, చిల్లుల పైపుల్లో పడి బయటికి పోవాలి. ఇసుక నేల అయితే సగం నీటిని అదే తాగేస్తుంది. ఉద్దానం వైపు, అక్కుపల్లి లాంటి ఊళ్లలో, ఈ పని పిల్లలాట. బంకమట్టి నేల అలా కాదు. అది నీరు తాగదు, పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు గడ్డి కింద నీరు చేరి, తివాచీ నీటి పరుపులా లేస్తుంది. దాని మీద పరుగెత్తి బంతి వేయడం చూడ్డానికి సరదాగానే ఉంటుంది, కట్టించినవాడికి తప్ప.

మాకిచ్చిన స్థలం పక్కా బంకమట్టి. ముప్పై మీటర్ల పొడవు, పద్దెనిమిది మీటర్ల వెడల్పు ఉన్న వరి మడి. మొదటి రోజు నియమం ప్రకారం ఒక అడుగు లోతు గొయ్యి తీసి, నీళ్లు నింపి, గంటగంటకూ ఎంత దిగిందో రాయడం మొదలుపెట్టాను. సాయంత్రానికి నా పుస్తకంలో అన్ని గడుల్లోనూ సున్నాలే. మర్నాడు పొద్దున గోతిలో నీరు అలాగే ఉంది, అదనంగా ఒక కప్ప ఉంది.

మడి మార్తమ్మ గారిది. ఆవిడ పొలం పనిలో పండిన మనిషి. ఆదివారం బాప్టిస్టు చర్చిలో మొదటి బెంచీ, మిగతా ఆరు రోజులూ గట్టు. మైదానం కట్టిస్తున్నది ఆవిడ అల్లుడు ఆనందరావు. టెక్కలిలో సెల్‌ఫోన్ల కొట్టు మూసేసి, ఈ మైదానం మీదే బతుకుదామని నిర్ణయించుకున్న మనిషి. అత్తగారు మడి ఇచ్చారు గానీ ఒక షరతు పెట్టారు. దాన్ని ఆవిడే నాకు వినిపించారు.

"తొలి వాన పడి ఆగినాక నాను ఇంటికాడ బయలెల్లి ఇక్కడికి వొత్తాను. నా అరికాలు మునిగీ నీరుంటే ఇది మడి. నీ గడ్డి సుట్టుకుని పట్టుకుపో, నాను ఆకుమడి పోసీసుకుంటాను. మునగకపోతే మా అల్లుడిది. అంతే ఇంజినీరు బాబూ."

ఆకుమడి అంటే నారుమడి. ఆవిడ ఇంటి నుంచి మడికి పది నిమిషాల నడక. నేను పుస్తకంలో రాసుకున్నాను: డ్రైనేజీ ప్రమాణం, మార్తమ్మ గారి అరికాలు, పది నిమిషాలు. ఏ స్పెసిఫికేషన్ పుస్తకంలోనూ ఇంత స్పష్టమైన ప్రమాణం నాకు తర్వాత కూడా కనిపించలేదు.

పనివాళ్లు మందస దగ్గరి ఊరి నుంచి వచ్చారు. మేస్త్రి గున్నయ్య, అతని కింద పన్నెండు మంది. వాళ్లలో ఆడవాళ్లకు పెద్ద దాలమ్మ. అందరూ వరి పనివాళ్లు. ఎండాకాలం ఏ పని దొరికితే ఆ పని. పాత మట్టి గీకి, అడుగు నేల తయారు చేయడం మా మొదటి దశ. ఆ నేలను మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా, తాబేలు వీపులా చెయ్యాలి. వాలు నూటికి ఒకటి. అంటే నడిమి గీత నుంచి అంచు దాకా తొమ్మిది మీటర్లకు తొమ్మిది సెంటీమీటర్లు. ఆటో లెవల్ అనే దుర్భిణి లాంటి పరికరంతో చూసి ముప్పై ఆరు చోట్ల కర్ర మేకులు దిగ్గొట్టించి, ఎంత ఎత్తుకు మట్టి రావాలో ఎర్ర రంగుతో గీత పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నానికి తాబేలు వీపు దాదాపు తయారైంది. మిగిలింది సర్దమని చెప్పి, పైపులూ వడపోత గుడ్డా తేవడానికి విశాఖపట్నం వెళ్లాను.

సోమవారం పొద్దున తిరిగి వచ్చి గట్టెక్కేసరికి, మడి నిండా ఆకాశం ఉంది.

నీళ్లు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, ముడత లేని అద్దంలా నీళ్లు. సరిగ్గా పిచ్ రావలసిన చోట ఒక కొంగ నిలబడి నా వైపు చూసింది. గట్టు మీద గున్నయ్య జట్టు మొత్తం వరసగా కూర్చుని చద్దన్నం తింటున్నారు. పెళ్లి పని ముగించినవాళ్ల ముఖాలు అవి.

"సూసుకో బాబూ," అన్నాడు గున్నయ్య, చెయ్యి కడుక్కుంటూ. "ఈ మూల నుంచి ఆ మూలకి అరంగుళం తేడా ఉంటే నా పేరు మార్సీ."

మేకులేవని అడిగాను. కడిగి, ఎండబెట్టి, తాడుతో కట్ట కట్టిన మేకులు తెచ్చి నా చేతికిచ్చాడు.

"ముప్పయ్యారూ ఉన్నాయి. లెక్కెట్టుకో."

అసలేం జరిగిందో ముక్కలు ముక్కలుగా తెలిసింది. శనివారం మార్తమ్మ గారు గట్టు మీదికి వచ్చి తాబేలు వీపు చూశారు. వరి పండించేవాళ్లకు మడి ఎగుడుదిగుడుగా ఉండడం కంటే సిగ్గు లేదు. ఎత్తున్న చోట నారు ఎండుతుంది, పల్లంలో కుళ్లుతుంది, దారిన పోయేవాళ్లు నవ్వుతారు.

"మా అత్తగారి కాలం నుంచి ఈ గట్టు మీద గూని మడి నేదు," అన్నారు మార్తమ్మ గారు నాతో. "సదువుకున్నోడు సేసినాడంటే ఎవులు నమ్ముతారు?"

"నువ్వు బేగి బేగి ఎల్లిపోయినావు కదా," అన్నాడు గున్నయ్య. "సూసుకోనేదు కావాల అనుకున్నాం. రేపు మీ పెద్దసారు వొచ్చి సూత్తే నీకు మాటొత్తాది. అందుకని మేమే సర్దీసినాం."

నన్ను కాపాడటానికే చేశారు. మార్తమ్మ గారు బోరు మోటారు వేసి నీళ్లు పెట్టారు. ఇనుప చక్రాల ట్రాక్టరు తెచ్చి మడి దమ్ము చేశారు. చదును చెక్క లాగారు. శనివారం సాయంత్రం దాకా, మళ్లీ ఆదివారం ప్రార్థన అయ్యాక కూడా చేశారు. ఆ రెండు రోజులకీ కూలి కూడా అడగలేదు.

దమ్ము చేయడం అంటే తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. బంకమట్టిని నీళ్లలో బాగా కలియదొక్కితే అందులో ఉన్న కాస్త సందులు కూడా పూడుకుపోతాయి. మడిలో నీరు కిందికి ఇంకకుండా రైతులు కావాలని చేసే పని అది. నేను నీరు పోయేందుకు కట్టడానికి వచ్చాను. ఇక్కడ నీరు కదలకుండా చేయడంలో తరాల నైపుణ్యం ఉన్న పదముగ్గురు, తమ పనితనమంతా నా మైదానం మీద ధారపోశారు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాను, కుదరలేదు. గట్టు మీద కూర్చుని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాను. నన్ను చూసి దాలమ్మ నవ్వింది, ఎందుకో తెలియకుండానే మిగతావాళ్లూ నవ్వారు. అప్పుడే వచ్చిన ఆనందరావు మాత్రం నవ్వలేదు.

"అత్తా, ఏటి సేసినావు?"

"మంచి సేసినాను."

అతను కొంగను చూశాడు, నన్ను చూశాడు, చెప్పులు వదిలి మడిలో ఒక కాలు పెట్టి చూశాడు. పిక్క దాకా దిగిపోయింది. మృగశిర కార్తెకు మూడు వారాలు కూడా లేవు. ఆ తర్వాత వాన ఏ రోజైనా రావచ్చు. వచ్చిన రోజున అత్తగారి అరికాలు వస్తుంది. మూసేసిన కొట్టు మళ్లీ తెరుచుకోదు.

మా ప్రాజెక్టు మేనేజరుకి ఫోన్ చేశాను. మా కంపెనీ అంతస్తుల్లో ఆయన నాకు రెండు మెట్లు పైన. జరిగింది వరస తప్పకుండా చెప్పాను.

"నిజంగా అరంగుళమేనా?" అన్నారు అంతా విని.

గట్టుకి గండి కొట్టించి నీరు తీసేశాక, చెక్క పలకల మీద నడుస్తూ ముప్పై ఆరు చోట్లా స్టాఫ్ అనే కొలకర్ర పెట్టి చూశాను. అన్నిటికన్నా ఎత్తైన చోటుకీ అన్నిటికన్నా పల్లపు చోటుకీ తేడా పదకొండు మిల్లీమీటర్లు. అరంగుళం కంటే తక్కువే. గున్నయ్య పేరు మార్చవలసిన అవసరం లేదు. ఈ సంఖ్య చెబితే మేనేజరు గారు, ఇరవై ఏళ్లలో ఇంత చదునైన నేల ఏ రోలరుతోనూ తనకు రాలేదన్నారు. ఆ తర్వాత, "సరే, ఇప్పుడు దాన్ని పాడు చెయ్యి," అని ఫోన్ పెట్టేశారు.

ఎలా పాడు చేయాలన్నదే ప్రశ్న. మళ్లీ తాబేలు వీపు చేయాలంటే మట్టి పూర్తిగా ఎండాలి, కొత్త మట్టి రావాలి, అణచాలి. అంత వ్యవధి లేదు. మధ్యాహ్నం దాలమ్మ పక్కన కూర్చుని, నా పుస్తకంలో లేని ప్రశ్న అడిగాను. నీరు నిలవకూడని పంట వేయాలంటే ఈ మట్టిలో మీరేం చేస్తారు?

ఆమె నా వైపు జాలిగా చూసింది.

"వంగకీ మిరపకీ బోదెలు తోల్తాం. బోదె మీద మొక్క, సాల్లోంచి నీరు ఎల్లిపోతాది. నేకపోతే వేరు కుళ్లిపోదేటి? ఇది తెలీకండానే ఇంజినీరువి అయిపోయినావా?"

"మరి ఇక్కడ అదే కావాలి కదా."

"నువ్వు ఆటకన్నావు," అంది దాలమ్మ. "ఆటకి సమంగా ఉండాల. గూనుంటే బంతి ఎటో పోతాది. నీరు ఎల్లాలని ఎప్పుడు సెప్పినావు? మేకులకి రంగేసి ఎల్లిపోయినావు."

నిజమే. ముప్పై ఆరు చోట్ల ఎత్తు చెప్పాను. ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు.

ఆ సాయంత్రం కొత్త బొమ్మ గీశాను. మడి పొడవునా మూడు మీటర్లకొకటి చొప్పున అడ్డంగా పది చాళ్లు, దువ్వెన పళ్లలా. ఒక పక్క అంచున వాటన్నిటినీ కలిపే పెద్ద చాలు, దువ్వెన వెన్నులా. చాళ్ల మధ్య నేల బోదెలా కాస్త ఉబ్బి, రెండు వైపులకూ వాలాలి. పెద్ద చాలు మూలకు వెళ్లి పక్క మడిలోకి తెరుచుకోవాలి. రోడ్డు పక్క కాలువ మాకన్నా ఎత్తులో ఉంది, కనుక వేరే దారి లేదు. మూడడుగుల దిగువనున్న ఆ పక్క మడి కూడా మార్తమ్మ గారిదే. అడిగాను. "రానీ, వొత్తే సూద్దాం," అన్నారు, రాదన్న నమ్మకంతో.

ఇక్కడే నాకు ఆ వృత్తిలో అన్నిటికన్నా సంతోషం కలిగించిన విషయం బయటపడింది. మామూలు నేల మీద చాలు అడుగున వాలు తేవాలంటే ప్రతి అడుగుకీ పరికరం పెట్టి చూడాలి. మా నేల అప్పటికే అద్దం. కాబట్టి పై నుంచి లోతు కొలిస్తే చాలు, వాలు దానంతటదే వస్తుంది. మొదట్లో పదిహేను సెంటీమీటర్లు, చివర్లో ముప్పై మూడు. వెదురు కర్రలు కోసి, ఎక్కడ ఎంత లోతో గీతలు పెట్టి, ఒక్కో చాలుకి ఒక్కో కర్రల కట్ట ఇచ్చాను. నేను తిట్టుకున్న చదునే నాకు కొలబద్ద అయింది.

రోహిణి ఎండ మాకు పని చేసి పెట్టింది. రోజూ పొద్దున దాలమ్మ పిడికెడు మట్టి నొక్కి, వేళ్ల మధ్య నలిపి, "ఇంకా నేదు," అనేది. నా దగ్గర తేమ కొలిచే పద్ధతి ఉంది గానీ, దానికి ఫలితం మర్నాటికి వస్తుంది. ఆరో రోజు మట్టి ఆమె వేళ్లకు అంటుకోలేదు, పొడీ కాలేదు.

"పదునొచ్చింది. దిగండర్రా."

దిగారు. అంత వేగంగా చాళ్లు తీయడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఈసారి ముందుగా అందరినీ మూల దగ్గరికి పిలిచి, నీరు ఎక్కడ పడుతుంది, ఎటు జారుతుంది, ఎక్కడ బయటికి వస్తుంది అని చూపించాను. ఆ తర్వాత నేను చెప్పవలసింది పెద్దగా లేకపోయింది. ఐదో చాలులో ఒక చోట నా కర్ర గీతే తప్పు అని గున్నయ్య పట్టుకున్నాడు. "ఇక్కడ నీరు ఆగిపోతాది బాబూ," అన్నాడు. పరికరంతో చూశాను. నా గీతే తప్పు. రెండు జట్లుగా విడిపోయి, ఆడవాళ్లు ఒక వైపు నుంచి, మగవాళ్లు ఇంకో వైపు నుంచి మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి ఆడవాళ్లు ఆరో చాలులో ఉన్నారు.

"ఏటి మావా, మీ సాలు పురిటికెల్లిందా?" అని దాలమ్మ కేకేసింది.

"మీది సాలా, ఎలక బొక్కా?" అన్నాడు గున్నయ్య, తల ఎత్తకుండా.

మిగతాది క్రమం తప్పకుండా జరిగింది. చాళ్లలో వడపోత గుడ్డ, దానిలో చిల్లుల పైపు, చుట్టూ కంకర. నేలంతా మళ్లీ గుడ్డ, పైన ఇరవై మిల్లీమీటర్ల కంకర, దాని పైన ఆరు మిల్లీమీటర్ల చిప్స్ అనే సన్న కంకర. క్రషర్ డస్ట్ అనే రాతి పొడి వేస్తే గట్టిగా, నున్నగా వస్తుంది గానీ అది సందులు పూడ్చేస్తుంది, కనుక వేయలేదు. గడ్డి చుట్టలు ఒక్కొక్కటీ మనిషి నడుమంత లావు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కావడంతో భావనపాడు నుంచి ఆరుగురు జాలర్లు ఖాళీగా దొరికారు. పడవను ఒడ్డుకు లాగేటప్పుడు పెట్టే కేకలతో చుట్టలు దొర్లించారు. నేను మోకాళ్ల మీద టేపూ జిగురూ వేస్తూ వాళ్ల వెనకే పాకాను. చివరగా గడ్డి పోచల మధ్య కడిగిన ఇసుక చల్లాం.

జూన్ రెండో ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారితో మైదానం ప్రారంభించాలని ఆనందరావు నిశ్చయించాడు. ముందు రోజు శనివారం మధ్యాహ్నం, తూర్పున సముద్రం వైపు నల్లగా కమ్మింది. ఒంటిగంటకు తొలి వాన పడింది. చినుకులు కావు, కుండలతో కుమ్మరించినట్టు.

నేనూ ఆనందరావూ గున్నయ్యా మూల దగ్గర, పైపు నోటి ముందు గొంతుక్కూర్చున్నాం. పది నిమిషాలు గడిచాయి. పైపు నోరు పొడిగా ఉంది. పదిహేను నిమిషాలు. పైన మైదానం మీద నీరు కనిపించడం లేదు, కింద పైపులోకి రావడం లేదు. లెక్క ప్రకారం ముందు కంకర తడవాలి, గుడ్డ తడవాలి, ఆ తర్వాతే నీరు నడవాలి. ఈ లెక్క నాకు తెలుసు. తెలిసి కూడా పైపులోకి చెయ్యి పెట్టి తడిమాను. ఆనందరావు పెదాలు ప్రార్థనలో ఉన్నట్టు కదులుతున్నాయి.

ముందు ఒక చుక్క పడింది. తర్వాత సన్నటి ధార. తర్వాత పైపు గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం చేసి, నోటి నిండా నీళ్లు కక్కింది. గున్నయ్య వెనక్కి పడ్డాడు. ఆనందరావు నన్ను కావలించుకున్నాడు, ఆ జోరులో ఇద్దరం పక్క మడిలో పడ్డాం. లేవడానికి తొందరేమీ కనిపించలేదు.

వాన ఆగింది. నేను గడియారం చూశాను. తొమ్మిదో నిమిషంలో మార్తమ్మ గారు గట్టు మీద కనిపించారు. చేతిలో గొడుగు, వెనక దాలమ్మ తల మీద బుట్ట. బుట్టలో మొలకెత్తిన వరి విత్తనాలు. మబ్బు చూసి గురువారమే నానబెట్టారు. మొలకలు ఆగవు, ఆ రోజే చల్లాలి. ఆవిడ మాటంటే మాటే.

గట్టు దిగి, చెప్పులు విడిచి, గడ్డి మీద కాలు పెట్టారు. మేము ముగ్గురం బురద ఓడుతూ నిలబడ్డాం. ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. మడమతో నొక్కి చూశారు. మూలలకు వెళ్లారు. తప్పు ఎక్కడుంటుందో తెలిసిన మనిషి కనుక అంచుల వెంట ఇంకోసారి నడిచారు. తిరిగి వచ్చి కాలెత్తి అరికాలు చూసుకున్నారు. తడి ఉంది, ఇసుక రేణువులు నాలుగు అంటుకున్నాయి.

"ఏదీ నీరు?" అన్నారు.

గున్నయ్య మూల వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ వెళ్లి చూశారు. పైపు ఇంకా పారుతోంది, దిగువ మడిలో చీలమండ దాకా నీరు చేరింది. వంగి దోసిట పట్టి చూశారు.

"తేటగుంది."

దిగువ మడి గట్టును ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశారు. అవతలి మూలన, కోతల ముందు నీరు వదలడానికి కొట్టిన గండి ఇంకా తెరిచే ఉంది.

"దాలమ్మా, ఆ గండి మూసీ. బుట్ట ఇలా తే." తర్వాత అల్లుడి వైపు తిరిగారు. "పైన ఆట నీది. కింద నీరు నాది. రేపు పాస్టరు గారికి టీ నువ్వే సెప్పు, నాకు పనుంది."

కొంగు బిగించి మడిలోకి దిగి విత్తనాలు చల్లడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత నేను చేసిన పద్నాలుగు మైదానాల్లోనూ మొదటి మేకు నీరు బయటికి పోయే చోటే దిగ్గొట్టాను. ఎత్తులు గుర్తు పెట్టకముందే జట్టునంతా ఆ మేకు దగ్గరికి పిలిచి, నీరు ఎటు పోవాలో చెప్పాను. మేకు మీది గీత ఎంత మట్టి వేయాలో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఎందుకో తెలియని చోట పనితనం ఉన్నవాడు తనకు తెలిసిన పనే చేస్తాడు, బాగా చేస్తాడు. టెక్కలిలో నేల చెడింది పని రాక కాదు, నేను సగమే చెప్పినందుకు.